మైక్రోటిక్ హెక్స్ రౌటర్: శ్రీకాకుళంలో చిన్న ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకునేవాడి రివ్యూ

ముందే చెప్పేస్తాను. చిన్న ఆసుపత్రి, కాలేజీ ల్యాబ్, జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు, రైస్ మిల్లు, రెండంతస్తుల బట్టల షాపు, ఇలాంటి చోట పది నుంచి యాభై కంప్యూటర్ల దాకా ఉంటే మైక్రోటిక్ హెక్స్ కొనండి. ఇంట్లో ఫోన్లకీ టీవీకీ వైఫై కావాలంటే మాత్రం వద్దు, ఎందుకంటే దీంట్లో వైఫై లేనే లేదు. డబ్బాలోంచి తీసి ప్లగ్గులో పెడితే సిగ్నల్ వచ్చేస్తుంది అనుకుని కొన్నవాళ్లు తిట్టుకుంటూ వాపసు చేస్తారు, వాళ్ల కోపంలో తప్పు లేదు, అది వాళ్ల కోసం చేసిన వస్తువు కాదు, అంతే.

నేను మాట్లాడేది ఆర్‌బి750జీఆర్3 అనే మోడల్ గురించి. లాత్వియా దేశపు కంపెనీ మైక్రోటిక్ 2016లో తెచ్చింది. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా, ఐదు గిగాబిట్ పోర్టులు, 880 మెగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. వెయ్యి, పదిహేను వందలకి దొరికే ఇంటి రౌటర్ కంటే ధర కొన్ని రెట్లు ఎక్కువే. మన దగ్గర డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల కంప్యూటర్ షాపుల్లో అడిగితే సాధారణంగా ఉండదు, విశాఖ నుంచి తెప్పించుకోవాలి లేకపోతే ఆన్‌లైన్లో పెట్టుకోవాలి.

ఇంత డబ్బు ఎందుకు పెట్టాలి అని ప్రతి ఓనరూ అడుగుతాడు. స్పీడ్ పెరుగుతుందా అంటే పెరగదు, మీరు కట్టే ప్లాన్ ఎంతో అంతే. నేను చెప్పే కారణం ఒకటే. నెట్‌వర్కు పనిలో రిపేరుకి పట్టే టైము తక్కువ, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి పట్టే టైమే ఎక్కువ. మామూలు రౌటర్ లోపల ఏం జరుగుతోందో చెప్పదు, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. హెక్స్ చెప్తుంది. అడిగితే చాలు, చాలా వివరంగా చెప్తుంది.

శ్రీకాకుళంలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది, పేరు అనవసరం. మధ్యాహ్నం ఓపీ రద్దీగా ఉన్న టైములో బిల్లింగ్ కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి, కాసేపటికి వచ్చేవి, మళ్లీ పోయేవి. కౌంటర్ దగ్గర జనం, ల్యాబ్ రిపోర్టులు ప్రింట్ అవ్వవు, రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఏడుపొక్కటే తక్కువ. "ఏటవుతుందో తెలీట్లేదు సార్, మోడెం ఆఫ్ చేసి ఆన్ చేస్తే రెండు నిమిషాలు బాగుంటంది, మళ్లీ అంతే" అంది. నెట్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందన్నారు, నిజంగానే బాగుంది. అక్కడ అప్పటికే హెక్స్ పెట్టి ఉండబట్టి విన్‌బాక్స్ (కంప్యూటర్ నుంచి ఈ రౌటర్ లోపలికి వెళ్లే ప్రోగ్రాం) తెరిచి లాగ్, అంటే రౌటర్ రాసుకునే చిట్టా, చూశాను. మూడో పోర్టులోకి మన సొంత అడ్రస్‌తోనే ప్యాకెట్లు (డేటా ముక్కలు) తిరిగొస్తున్నాయి, బహుశా లూప్ అయ్యుంటుంది అని వరసగా రాసి ఉంది. మూడో పోర్టు అంటే మొదటి అంతస్తు నెట్‌వర్క్ స్విచ్, ఆ అంతస్తు కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే డబ్బా. పైకి వెళ్లి చూస్తే నేల తుడిచేటప్పుడు ఊడిన ఒక ప్యాచ్ కార్డ్ (పొట్టి నెట్‌వర్కు వైరు) రెండో కొసని ఎవరో మంచి మనసుతోనే ఖాళీగా కనిపించిన పోర్టులో గుచ్చేశారు, రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉన్నాయి. దాంతో అందరికీ వెళ్లాల్సిన ఒక బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ లోపలే తిరుగుతూ, ప్రతి చుట్టుకీ కాపీలై, నెట్‌వర్కు మొత్తాన్ని ముంచేస్తుంది. వైరు తీసేశాం, అయిపోయింది. లాగ్‌లో ఆ ఒక్క వాక్యం లేకపోతే మూడు అంతస్తుల్లో ఒక్కో వైరూ పీకి పెట్టుకుంటూ సాయంత్రం దాకా తిరగాల్సిందే.

ఇలాంటిదే ఇంకోటి కాలేజీ హాస్టళ్లలో తరచూ వస్తుంది. ఎవరో ఒక కుర్రాడు గదిలో వైఫై కోసం ఇంటి నుంచి తెచ్చిన రౌటర్‌ని తప్పు పోర్టులో గుచ్చుతాడు, అది చుట్టుపక్కల కంప్యూటర్లన్నిటికీ తన సొంత ఐపీ అడ్రస్‌లు పంచిపెట్టడం మొదలెడుతుంది. కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, రీస్టార్ట్ చేస్తే ఈసారి ఎవరికి రాదో చెప్పలేం. హెక్స్‌లో డీహెచ్‌సీపీ అలర్ట్ అని ఒక వసతి ఉంది, పెట్టుకుంటే తెలియని సర్వర్ ఏదైనా ఐపీలు పంచడం మొదలెట్టగానే దాని మ్యాక్ అడ్రస్‌తో (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తింపు నంబరు) సహా లాగ్‌లో రాస్తుంది. ఆ మ్యాక్ ఏ పోర్టు వైపు ఉందో బ్రిడ్జ్ హోస్ట్‌ల పట్టికలో వెతికితే ఏ బ్లాక్ అన్నది తెలిసిపోతుంది. ఇక గది వెతకడం వార్డెన్ గారి పని.

కేబుల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో కేబుల్ కష్టం ఎక్కువ. కళింగపట్నం, బారువ వైపు సముద్రపు గాలికి కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 కనెక్టర్ పిన్నులు పచ్చబడిపోతాయి. దానికి తోడు రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ అమ్మేస్తారు, చుట్ట చౌకగా వస్తుంది, ఏడాది తిరక్కుండానే క్రింపింగ్ దగ్గర విరుగుతుంది. గిగాబిట్‌కి నాలుగు జతల వైర్లూ బాగుండాలి, వంద మెగాబిట్లకి రెండు జతలు చాలు. అందుకే ఒక వైరు తెగితే నెట్ పూర్తిగా పోకపోవచ్చు, వందకి పడిపోయి నడుస్తూనే ఉంటుంది, ఓనరు "ఈ మధ్య నెట్టు స్లో అయిపోయింది" అంటాడు. హెక్స్‌లో ఆ పోర్టు మీద నొక్కితే ఎంత స్పీడ్‌కి కుదిరిందో, ఎన్నిసార్లు లింక్ పడిపోయిందో, ఆఖరుసారి ఎప్పుడు పడిందో, ఎన్ని పాడైన ఫ్రేములొచ్చాయో అన్నీ అంకెల్లో ఉంటాయి. ఆ అంకెలు చూపించి కేబుల్ మార్చమంటే ఓనరు కూడా బేరమాడకుండా ఒప్పుకుంటాడు.

ఇంక నాకు బాగా ఇష్టమైనది టార్చ్. ఏ పోర్టులో ఏ కంప్యూటర్ ఎటు ఎంత డేటా పంపుతోందో ఆ క్షణానికి చూపించే హెక్స్ లోపలి టూల్. పలాసలో ఒక జీడిపప్పు ఆఫీసులో మెయిల్‌కి ఫోటోలు ఎక్కట్లేదని పిలిచారు. టార్చ్ వేస్తే అప్‌లోడ్ అంతా సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) నుంచే పోతోంది, రికార్డింగ్ మొత్తం క్లౌడ్‌కి ఎక్కించేలా ఎవరో సెట్ చేసి వదిలేశారు. దానికి ఒక క్యూ పెట్టి స్పీడ్ కట్టేస్తే మిగతా ఆఫీసు ఊపిరి పీల్చుకుంది. ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఫాస్ట్‌ట్రాక్ అని ఒక రూల్ ఆన్‌లో ఉంటుంది, అది ఉన్నంతసేపూ ఆ కనెక్షన్లు మీరు పెట్టిన సింపుల్ క్యూలని పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోతాయి. స్పీడ్ లిమిట్ పెట్టినా పనిచేయట్లేదని చాలామంది రౌటర్‌ని అనుమానిస్తారు. ఫాస్ట్‌ట్రాక్ ఆపండి, లేదా ఆ ఒక్క కంప్యూటర్‌ని దాన్నుంచి మినహాయించండి, అప్పుడు క్యూ పనిచేస్తుంది.

రాజాం దగ్గర రైస్ మిల్లు ఆఫీసులో చూసిన చిక్కు వేరే రకం. యూట్యూబ్ బాగానే ఆడుతుంది, గూగుల్ వస్తుంది, కానీ ఒక పోర్టల్‌లో లాగిన్ పేజీ తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. అకౌంటెంట్ గారికి రిటర్నులు వేసే ఆఖరి రోజులు, ఆయన టెన్షన్ చూస్తే నాకూ చెమటలు పట్టాయి. ఫైబర్ లైన్ పీపీపీఓఈ మీద ఉంది, అంటే యూజర్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం కనెక్షన్. పీపీపీఓఈ తన హెడర్ కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1500 బైట్ల ప్యాకెట్ పట్టే చోట 1492 మాత్రమే పడుతుంది. విండోస్‌లో ముక్కలు చేయొద్దన్న షరతుతో పింగ్ (జవాబు వస్తుందా అని పంపే చిన్న పరీక్ష) పెట్టి చూస్తే 1464 సైజు వెళ్తోంది, 1472 వెళ్లట్లేదు. 1464కి హెడర్ల 28 బైట్లు కలిపితే 1492, లెక్క సరిపోయింది. అంటే లైన్ తప్పేమీ లేదు, అంతకంటే పెద్ద ప్యాకెట్లు పంపొద్దని అవతలివాడికి చెప్పాల్సిన పని పాత రౌటర్ చేయట్లేదు. కొన్ని సైట్లు ఆ సంగతి వేరే దారిలో తెలుసుకుని సర్దుకుంటాయి, కొన్ని ఆ కబురు మోసే ఐసీఎంపీ ప్యాకెట్లనే ఫైర్‌వాల్ దగ్గర ఆపేస్తాయి, అలాంటి సైట్లే ఆగిపోతాయి. హెక్స్‌లో పీపీపీ ప్రొఫైల్‌లో అవతలివాడికి ఆ సైజు చెప్పే చేంజ్ టీసీపీ ఎంఎస్ఎస్ అనే సెట్టింగు ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో ఉంటుంది. రౌటర్ మార్చి పీపీపీఓఈ యూజర్, పాస్‌వర్డ్ ఎక్కించాక పోర్టల్ వెంటనే తెరుచుకుంది.

కరెంటు గురించి. దీనికి 8 నుంచి 30 వోల్టుల మధ్య ఏ డీసీ ఇచ్చినా నడుస్తుంది, తినేది కూడా చాలా తక్కువ. అందుకని 12 వోల్టుల మినీ యూపీఎస్‌తో ఫైబర్ బాక్సునీ దీన్నీ కలిపి నడిపేయొచ్చు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. తుఫాను లేకపోయినా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానకి కరెంటు పోవడం మనకి మామూలే.

ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వెళ్లే ఊళ్లలో రెండు కంపెనీల లైన్లు పెట్టుకోమంటాను. హెక్స్‌లో రెండూ ఉంచుకుని ఒకటి పోతే రెండోదానికి మారేలా చేయొచ్చు. అయితే మామూలు ఫెయిలోవర్ పెట్టి వదిలేస్తే చాలదు. స్తంభం దగ్గర ఫైబర్ తెగినా ఆఫీసులో ఫైబర్ బాక్సుకి కరెంటు ఉంటుంది, పోర్టు లైటు వెలుగుతుంది, బాక్సు పింగ్‌కి జవాబిస్తుంది, దాంతో రౌటర్ ఆ లైన్ బాగానే ఉందనుకుంటుంది. బయట ఇంటర్నెట్‌లో ఉన్న 1.1.1.1 లాంటి అడ్రస్‌ని ఆ లైన్ మీదుగానే పింగ్ చేస్తూ, జవాబు రాకపోతేనే మారేలా రికర్సివ్ రూట్ రాయాలి. ఈ పని చేయగల రౌటర్ ఈ ధరలో దొరకడం పెద్ద విషయం, నా దృష్టిలో డబ్బంతా దీని ఒక్కదానికే వసూలవుతుంది.

దూరం నుంచి పనిచేసేవాళ్లకి సేఫ్ మోడ్ ఒక వరం. ఇచ్ఛాపురం శ్రీకాకుళానికి వంద కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ కూర్చుని అక్కడి ఫైర్‌వాల్‌లో ఒక రూల్ తప్పు రాస్తే కనెక్షన్ తెగిపోతుంది, ఇక బండి తీయాల్సిందే. సేఫ్ మోడ్ నొక్కి మార్పులు చేస్తే, మధ్యలో కనెక్షన్ తెగినా కొన్ని నిమిషాలకి ఆ మార్పులన్నీ వాటంతటవే వెనక్కి వెళ్లిపోతాయి. అలాగే ఐపీ సెట్టింగులు పూర్తిగా చెడిపోయినా, పక్కన కూర్చుని కేబుల్ తగిలిస్తే విన్‌బాక్స్ మ్యాక్ అడ్రస్ ద్వారా లోపలికి తీసుకెళ్తుంది.

లోపాలూ ఉన్నాయి. నేర్చుకోవడం కష్టం, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను. మెనూలు లెక్కలేనన్ని, ఒక్కో మాటకీ నెట్‌వర్కింగ్ తెలిసి ఉండాలి. ఐటీఐ, డిప్లొమా చేసి ఈ లైన్లోకి వచ్చిన తమ్ముళ్లు చాలామంది మొదటి వారమే పక్కన పడేస్తారు, ఓపిక పడితే ఇదే వాళ్లకి సబ్జెక్టు నేర్పుతుంది. స్టోరేజీ 16 ఎంబీయే, బ్యాకప్ ఫైళ్లు లోపలే దాచుకుంటే రౌటర్‌ఓఎస్ 7 (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లకి చోటు చాలదు, ఎప్పటికప్పుడు బయటికి తీసేయాలి. ఫైబర్ నేరుగా గుచ్చే ఎస్ఎఫ్‌పీ పోర్టు లేదు, అది కావాలంటే హెక్స్ ఎస్ తీసుకోండి. పిడుగుల కాలంలో బయట నుంచి వచ్చే రాగి కేబుల్ ఏదైనా సరే సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా దీనికి తగిలించొద్దు, ఎర్తింగ్ సరిగ్గా లేని బిల్డింగుల్లో పోర్టులు పోతాయి, ఇది ఏ కంపెనీ రౌటర్‌కైనా వర్తిస్తుంది.

సెక్యూరిటీ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2018లో విన్‌బాక్స్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. కంపెనీ ఏప్రిల్‌లోనే అప్‌డేట్ ఇచ్చినా, చేసుకోని రౌటర్లు ప్రపంచమంతా హ్యాకర్ల చేతుల్లోకి వెళ్లి క్రిప్టో మైనింగ్‌కి వాడబడ్డాయి. కాబట్టి విన్‌బాక్స్ పోర్టుని ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ తెరిచి ఉంచకండి, దూరం నుంచి రావాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటివాళ్లు చూడలేని రహస్య దారి) పెట్టుకుని దాని లోపలినుంచి రండి, రౌటర్‌ఓఎస్ 7లో అది ఉచితంగానే ఉంది. పాత డబ్బాలు కొంటే అడ్మిన్‌కి పాస్‌వర్డే ఉండదు, కొత్తవాటిలో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఏదైనా సరే రౌటర్ అడ్రస్ 192.168.88.1లోకి వెళ్లగానే మొదట మార్చాల్సింది అదే.

హెక్స్ పేరుతోనే కొత్త మోడల్ ఈ50యూజీ కూడా వచ్చింది, 512 ఎంబీ ర్యామ్, 128 ఎంబీ స్టోరేజీ. ఇప్పుడు కొనేవాళ్లు ధర దగ్గరగా ఉంటే అదే తీసుకోండి, స్టోరేజీ ఇరుకు తీరిపోతుంది. పాత మోడల్ ఇప్పటికే ఉన్నవాళ్లు మార్చాల్సిన పని లేదు.

ఓనర్లకి ఒక మాట. రౌటర్ పెట్టిన ఇంజనీర్‌ని ఎక్స్‌పోర్ట్ ఫైల్ అడిగి తీసుకోండి. సెట్టింగులు దాదాపు అన్నీ మామూలు టెక్స్ట్ రూపంలో వస్తాయి, పెన్‌డ్రైవ్‌లో వేసి పాస్‌వర్డ్ రాసిన కాగితంతో కలిపి బీరువాలో పెట్టుకోండి. రేపు పిడుగు పడి డబ్బా పోయినా, పెట్టినవాడు ఊళ్లో లేకపోయినా, వేరే ఎవరైనా కొత్త డబ్బా తెచ్చి ఆ ఫైల్ చూసుకుని అదే రోజు లైన్ నిలబెట్టేస్తారు.