హన్మకొండలో కంపెనీ సెక్రటరీ సేవలు: ఒక కుటుంబ కంపెనీ డైరెక్టర్ అభిప్రాయం

ఎనుమాముల మార్కెట్‌ను నమ్ముకుని మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతున్న మా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి బోర్డు మీటింగులు, మినిట్స్ (మీటింగులో జరిగిన చర్చ, నిర్ణయాల రాతపూర్వక నమోదు), వార్షిక ఫైలింగులు (ప్రభుత్వానికి ఏటా దాఖలు చేసే లెక్కలు, రిటర్నులు) చూసే పనిని హన్మకొండలోని ఒక కంపెనీ సెక్రటరీ కార్యాలయానికి అప్పగించాము. ఈ పనికి మన దగ్గర చాలామంది ఇప్పటికీ హైదరాబాద్ వైపే చూస్తారు కనుక వీరి సేవ ఎలా ఉందో కొంత వివరంగా రాస్తున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది, ఫారాల జోలికి వెళ్లకముందే డైరెక్టర్లందరినీ పిలిచి కూర్చోబెట్టడం. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కనుక ఇంట్లో వారి పేర్లు రాయించి, ఆ తరువాత వారి చేత సంతకాలు మాత్రమే పెట్టించడం మన వైపు మామూలే. మా మరదలు కూడా అలాగే డైరెక్టర్ అయింది. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రతి డైరెక్టరూ తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో, సొంతంగా ఆలోచించి పని చేయవలసిందేనని, ‘సంతకాల డైరెక్టర్’ అనే మినహాయింపు అందులో లేదని వారు ఆమెకే నేరుగా వివరించారు. మిర్చి ధర పడిపోయి కంపెనీ నష్టపోతే అది వ్యాపారంలో ఉండేదే; కానీ రైతుల బస్తాలు లోపల ఉండగా సరుకు బీమా గడువు ముగిసిందా అని బోర్డులో ఒక్కరూ అడగకపోతే, అది శ్రద్ధ లోపించడమే. ఇంత సూటిగా చెప్పినవారిని నేను అంతకుముందు చూడలేదు.

పర్యవసానాలను కూడా భయపెట్టకుండా, దాచకుండా చెప్పారు. 166వ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే 1 లక్ష నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది. డైరెక్టర్ అనుచిత లాభం పొందితే అంత మొత్తం కంపెనీకి చెల్లించాలి. మోసం రుజువైతే 447వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. వరుసగా 3 ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు 5 ఏళ్లపాటు అనర్హులవుతారు. నిజాయితీగా, సహేతుకంగా నడుచుకున్నవారికి కోర్టు 463వ సెక్షన్ కింద ఊరట ఇవ్వవచ్చని, అందుకు ఆధారంగా నిలిచేవి చాలావరకు మినిట్సేనని కూడా చెప్పారు. 2008 డిసెంబర్‌లో తమ అధినేత కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సత్యం కంప్యూటర్స్ బోర్డు ఆమోదం తెలిపి, మదుపరుల ఆగ్రహం చూసి గంటల్లోనే వెనక్కి తగ్గిన ఉదంతాన్ని ఉదాహరణగా చెప్పినప్పుడు, కోల్డ్ స్టోరేజీకి సత్యంతో పోలికేమిటని మా తమ్ముడు నవ్వాడు. అయితే మా బావ లారీలకు కంపెనీ చెల్లించే కిరాయి ప్రస్తావన రాగానే ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ కిరాయి విషయంలో సంబంధం ఉన్న డైరెక్టర్ తన ప్రయోజనాన్ని బోర్డుకు లిఖితపూర్వకంగా తెలపాలని చెప్పి, ఆ పత్రం సిద్ధం చేయించారు. ఇతర రవాణాదారుల కొటేషన్లు కూడా మీటింగులో పెట్టించి, ఎవరు ఏమి అడిగారో, ఎవరు అభ్యంతరం చెప్పారో మినిట్స్‌లో రాస్తున్నారు. పాత తీర్మానాన్నే తేదీ మార్చి పంపే పద్ధతి వీరి దగ్గర లేదు.

లోపాలు లేకపోలేదు. మాటల్లో చక్కటి తెలుగులో వివరించినా, చేతికిచ్చే ముసాయిదాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగల డైరెక్టర్‌ను చదివి సంతకం పెట్టమనడం అప్పుడు పేరుకే అవుతుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఫైలింగుల ఒత్తిడి వల్ల ఫోన్‌కు సమాధానం దొరకడం కష్టం. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది కనుక కాగితాలు సెప్టెంబర్‌లోనే ఇచ్చేయడం మేలు. బ్యాంకు రుణానికి మేమిచ్చిన వ్యక్తిగత హామీ గురించి అడిగితే అది తమ పరిధి కాదని, న్యాయవాదిని కలవమని చెప్పారు. దానిని నేను లోపంగా చూడను.

ఫీజు నాకు సమంజసంగానే అనిపించింది. అయితే బిల్లులో ప్రభుత్వ రుసుమును, వారి సొంత ఫీజును కలిపి ఒకే మొత్తంగా చూపుతున్నారు కాబట్టి, ఒప్పందం రాసుకునేటప్పుడే రెండింటినీ విడివిడిగా చూపమని అడగండి.