రాస్ప్‌బెర్రీ పై పికో: చవితి లైట్ల కోసం కొన్న బోర్డు

పన్నెండేళ్లుగా జావా ప్రోగ్రామింగ్ మీదే బతుకుతున్నాను. మెమరీ ఎక్కడ తీసుకున్నాం, ఎప్పుడు వదిలేశాం అని ఒక్కరోజు ఆలోచించిన పాపాన పోలేదు. అంతకుముందు పాలిటెక్నిక్‌లో మాత్రం 8085 అనే పాత ప్రాసెసర్ కిట్‌తో కుస్తీ పట్టినవాణ్నే. ప్రతి ఆదేశానికీ ఒక కోడు నొక్కాలి: 3ఈ కొడితే ఎంవీఐ ఏ (ఏలో అంకె పెట్టు), 76 కొడితే హాల్ట్ (ఆగు). రెండు అంకెలు కూడటానికి పావుగంట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

పోయిన వినాయక చవితికి మండపం లైట్లు నేనే చేస్తానని కాలనీ మీటింగులో నోరు జారాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక్కో బల్బు రంగు విడిగా మార్చగలిగే 150 బల్బుల డబ్ల్యూఎస్2812 పట్టీ, 5 వోల్టుల 10 ఆంపియర్ల సప్లై, మనం రాసిన ప్రోగ్రామ్‌తో ఇలాంటి పరికరాల్ని ఆడించే చిన్న చిప్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై పికో ఒకటి తెచ్చుకున్నాను. 2021లో ఈ బోర్డు వచ్చినప్పుడు ధర 4 డాలర్లు. నాకు ఐదొందల నోటుకి చిల్లర వచ్చింది. రెండు కోర్లు, 264 కేబీ ర్యామ్, 2 ఎంబీ ఫ్లాష్. మా ఆఫీసులో ఒక్క లాగ్ ఫైలు కూడా ఇందులో పట్టదు.

మొదలుపెట్టడం మాత్రం చాలా సులువు. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. మైక్రోపైథాన్ (చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్) ఫైలు అందులో పడేస్తే చాలు. పది నిమిషాల్లో బోర్డు మీది చిన్న లైటు మిణుకుమంది. ఒక లైను టైపు చేయగానే జవాబు వస్తుంటే 8085 రోజుల మీద కోపం కూడా వచ్చింది.

అసలు కథ పట్టీ తగిలించాక మొదలైంది. ఈ బల్బులకి రంగుల్ని సున్నాలు, ఒకట్లుగా (బిట్లు) బోర్డు పిన్ను నుంచి పంపాలి, ఒక్కొక్క బిట్‌కి 1.25 మైక్రోసెకన్లే గడువు. అందులో పిన్ను 0.4 మైక్రోసెకన్లు పైకి (వోల్టేజీ ఆన్‌లో) ఉంటే సున్నా, 0.8 ఉంటే ఒకటి. మైక్రోపైథాన్‌లో పిన్ను పైకి లేపి దించేసరికే ఒక మైక్రోసెకను దాటిపోతోంది. అంటే నేను పంపిన ప్రతి సున్నా బల్బులకి ఒకటిగానే అందింది. పసుపు, ఎరుపు అడిగితే పట్టీ మొత్తం తెల్లగా వెలిగింది, పెళ్లివారి ట్యూబ్‌లైట్లలాగా.

తప్పు చిప్‌ది కాదు. 125 మెగాహెర్ట్జ్ మీద, అంటే సెకనుకి 12.5 కోట్ల టిక్కులతో నడుస్తోంది కాబట్టి 1.25 మైక్రోసెకన్లలో 150కి పైగా టిక్కులు చేతిలో ఉన్నట్టే. కానీ పైథాన్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్ ముందు బైట్‌కోడ్ (నా ప్రోగ్రామ్‌కి దాని సొంత రూపం) చదవాలి, ఆ పేరు ఏ ఆబ్జెక్టుదో వెతకాలి, ఆ తర్వాతే పిన్ను దగ్గరికి రావాలి. టిక్కులన్నీ ఆ దారిలోనే అయిపోతున్నాయి. జావాలో కూడా ఇలాంటి ఖర్చు పెడుతూనే ఉన్నానట, బిల్లు చూసింది మాత్రం ఇప్పుడే.

ఇక్కడే పికో నాకు నచ్చింది. ఇందులో పీఐఓ అని, అసలు ప్రాసెసర్‌తో పనిలేకుండా పిన్నుల్ని సొంతంగా ఆడించే చిన్న యంత్రాలు ఎనిమిది ఉన్నాయి. వాటికి తెలిసినవి తొమ్మిది ఆదేశాలే, నాలుగేసి యంత్రాలకు కలిపి 32 ఆదేశాలకే చోటు. కానీ ఒక్కో ఆదేశం కచ్చితంగా ఒక్క టిక్కు. ఇంకా ఆగాలంటే ఎన్ని టిక్కులో పక్కనే రాయొచ్చు. పీఐఓ వేగం 8 మెగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే బిట్‌కి సరిగ్గా పది టిక్కులు. ఆ ఆదేశాలే నేరుగా రాసిన నాలుగు లైన్ల అసెంబ్లీతో పని అయిపోయింది. ఆ నాలుగు లైన్లకి రెండు రాత్రులు పట్టిందనుకోండి. రంగులు పైథాన్ ఇస్తుంది, టిక్కులు పీఐఓ లెక్కపెడుతుంది. ఆ పైథాన్ రంగుల లెక్క రేపు వేరే బోర్డుకి కూడా పనికొస్తుంది, పీఐఓ లైన్లు మాత్రం ఈ చిప్‌ల కుటుంబం దాటితే ఎందుకూ పనికిరావు.

ఇలాంటి పట్టీల కోసం రెడీమేడ్‌గా ఉన్న నియోపిక్సెల్ లైబ్రరీ వాడితే ఈ గొడవేమీ లేదని మీరనొచ్చు, నిజమే. అది బోర్డులోని మైక్రోపైథాన్‌తోనే వస్తుంది. కాకపోతే లోపల టైమింగ్ చూసుకునేది సి కోడే. నేనే సి రాద్దామనీ చూశాను గానీ, కంపైలర్, సీమేక్ అన్నీ పెట్టుకునేసరికి ఆదివారం అయిపోయింది. పైగా మార్చిన ప్రతిసారీ కేబుల్ పీకి, బటన్ నొక్కి, మళ్లీ పెట్టాలి. రీసెట్ బటన్ ఒకటి ఇచ్చి ఉంటే ఏం పోయేది?

ఇంకా ఉన్నాయి. పిన్నుల పేర్లు బోర్డు అడుగున ముద్రించారు, బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చాక కనపడవు. పిన్నులు 3.3 వోల్టులే ఇస్తాయి, పట్టీకి 5 కావాలి. ఆ తేడా పట్టించుకోక మొదటి బల్బు ఎందుకు గింజుకుంటోందో ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. చివరికి 3.3 వోల్టుల్ని 5కి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ మధ్యలో పెట్టాక సర్దుకుంది.

చవితి రోజు పక్కింటి ఇంటర్ కుర్రాడు లాప్‌టాప్‌లోకి తొంగి చూసి, "అంకుల్, ఇదీ పైథానేనా? ఈ నాలుగు లైన్లు వేరేగా ఉన్నాయేంటి?" అన్నాడు. పీఐఓ కోడ్‌ని పైథాన్ ఫంక్షన్‌లాగే రాస్తారు, అందుకే ఆ అనుమానం. "వాటి జోలికి వెళ్లకు నాన్నా, మిగతాది నీ ఇష్టం" అన్నాను. నిమజ్జనం లోపు రంగులు ఆరుసార్లు మార్చాడు.

కొనేటప్పుడు పిన్నులు అతికించి ఉన్న పికో హెచ్ అడగండి. మామూలు పికోకి మనమే టంకం వేసుకోవాలి. నేను వేసిన 40 టంకాల్లో మూడు ఊడిపోయాయి.