హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా? కోనసీమలో ఏది నయం

అమలాపురం వైపు గాలివాన మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, ఫైలు సేవ్ అవుతుండగా పోతే హార్డ్ డిస్కయినా ఎస్ఎస్‌డీ అయినా అది పాడవొచ్చు, అందుకే ఏది కొనాలని ఎవరడిగినా ముందు ఇంట్లో యూపీఎస్ ఉందా అంటాను. హార్డ్ డిస్కులో పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి, వాటిమీద వెంట్రుక కూడా దూరనంత ఎడంలో డేటా చదివే, రాసే హెడ్ తేలుతుంటుంది, తిరుగుతుండగా కింద పడిందా, ఇక టక్కుటక్కుమని చప్పుడే మిగలొచ్చు. ఎస్ఎస్‌డీ డేటాని చిప్పుల్లో చార్జ్ రూపంలో దాస్తుంది, అందులో కదిలేదేదీ లేదు. పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని వేస్తే వేగం పెరిగి కొత్త మెషిన్ కొన్నట్టే ఉంటుంది (కొత్తది కొందామని ఇంట్లో అడగడానికి వీల్లేకుండా పోతుంది, అదొక్కటే బాధ).

అలాగని హార్డ్ డిస్కును తీసిపారేయను. పెళ్లి వీడియోలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫొటోలు టెరాబైట్లకొద్దీ దాచాలంటే అదే చవక. పైగా ఎస్ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా బీరువాలో పడేస్తే లోపలి చార్జ్ మెల్లగా తగ్గి డేటా పోవచ్చు, వేడికి ఇంకా త్వరగా. హార్డ్ డిస్కుకి ఆ టెన్షన్ తక్కువే, మన తేమకి మాత్రం సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో పెట్టండి. నా మట్టుకు పనంతా ఎస్ఎస్‌డీ మీద, ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి ఇక్కడ, ఇంకోటి రాజమండ్రిలో అక్కావాళ్లింట్లో.