ప్లాంట్‌నెట్ యాప్: పెరట్లో తెలీని తీగ మొలిస్తే పనికొస్తుందా?

ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లు బోలెడున్నాయి, నా ఫోన్‌లో మిగిలింది మాత్రం ప్లాంట్‌నెట్ ఒక్కటే. ఫ్రీ, ఫ్రాన్స్‌లో సిరాడ్, ఇన్రియా లాంటి రీసెర్చ్ సంస్థలు కలిసి చేసింది, 2013 నుంచీ ఉంది. అంతకుముందు ఇంకోటేదో వేస్తే (పేరెందుకులెండి) మొదటి ఫొటోకే కార్డు డీటెయిల్స్ అడిగింది, వారం ఫ్రీ అట తర్వాత ఏడాదికి ఒకేసారి కోసేసుకుంటారట, అక్కడికక్కడే తీసిపారేశా.

సరే అసలు సంగతి. వానలు పడ్డాక మా అత్తగారి ఊళ్ళో పెరటి కంచె మీదకి ఓ తీగ ఎక్కింది, ఎవరూ నాటింది కాదు. గడ్డి తీస్తుంటే గునపానికి దుంప తగిలిందని అత్తయ్య "చిలగడదుంప జాతేమోనే అమ్మాయ్, ఉంచుదాం" అంటారు, మామయ్యేమో "అది నాభి, విషపు దుంప, ముట్టుకోకండి" అని కేకలు, ఇద్దరిలో ఎవరూ తగ్గరు. మధ్యలో మా బుడ్డోడు, ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకునే వయసు.

మా మరిది గుమ్మంలో నిలబడే ఓ ఫొటో కొట్టాడు, అందులో వంగమొక్కలు, గడ్డి, కంచె అన్నీ పడ్డాయి. యాప్ ఏవేవో పేర్లు వరసగా ఇచ్చింది గానీ దేని పక్కనా పది శాతం నమ్మకం కూడా లేదు. నాకు ఇక్కడే నచ్చింది, తెలీనప్పుడు తెలీదని ఆ అంకెతోనే చెప్పేస్తోంది. చాలామంది పైనున్న పేరు చూసి ఆగిపోతారు, చూడాల్సింది ఆ శాతం.

తర్వాత నేను దగ్గరికెళ్ళి తీశా. ఆకు కొస సన్నగా సాగి, అదే నులితీగలాగా మెలి తిరిగి కంచె వైరుని చుట్టేసుకుంది, ఇలాంటిది నేనెక్కడా చూళ్ళేదు. పువ్వుకి ఆరు రేకులు, అన్నీ పైకి విరిచినట్టు తిరిగి, అంచులు నొక్కులు నొక్కులుగా, మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు. ఆకు, పువ్వు రెండూ ఒకేసారి ఇచ్చి ఏది ఆకో ఏది పువ్వో చెప్తే వెంటనే గ్లోరియోసా సుపర్బా అని తొంభై పైన చూపించింది. అంటే మన అగ్నిశిఖ, అడవినాభి అంటారే అదే. తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా ఇదే, అక్కడ గింజల కోసం పొలాల్లో పంటగా వేస్తారు, ఎందుకంటే గౌట్ అనే కీళ్ళ నొప్పులకి వాడే కాల్చిసిన్ మందు దీన్లో ఉంటుంది. అదే కాల్చిసిన్ దుంప తింటే ప్రాణం తీస్తుంది, పైగా తిన్న కొన్ని గంటల దాకా ఏమీ తెలీదు, తర్వాత వాంతులు విరేచనాలు మొదలవుతాయి. మామయ్య ఆ రోజంతా మీసం మీద చెయ్యి తియ్యలేదు 😄

ఇప్పుడు ఇబ్బందులు. ఇది పేరు చెప్పే యాప్ అంతే, విషమా కాదా తేల్చే పని దీనిది కాదు. శాస్త్రీయ నామం పట్టుకుని మిగతాది మనమే వెతుక్కోవాలి, ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళ చేతికిస్తే కష్టమే. పువ్వూ కాయా లేని లేత మొక్కైతే ఏ యాప్‌కైనా కష్టం. ఇక దీన్ని నమ్ముకుని తెలీని ఆకుకూరా పుట్టగొడుగూ వండుకుంటానంటే మాత్రం, తొంభై తొమ్మిది శాతం చూపించినా సరే, దండం పెట్టి వద్దంటా.

పిల్లలు నేపాళం గింజలో గురివింద గింజలో (గురివింద నమిలితే మరీ ప్రమాదం) నోట్లో పెట్టుకున్నారనుకోండి, అప్పుడు ఫొటోలు తీస్తూ కూర్చోకండి. 108కి కొట్టి, ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. ఢిల్లీ ఎయిమ్స్ పాయిజన్ సెంటర్ టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117, ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు, ఆ ఒక్కటీ తెలుగు పేర్ల కోసం వెతుక్కోవాల్సి వస్తున్నందుకు కోశా. దుంపలు గ్లౌజులు వేసుకుని తవ్వించాం, ఒక్క ముక్క మిగిలినా వచ్చే వానలకి మళ్ళీ లేస్తుందట. పక్కింటి పిన్నిగారు పువ్వు బాగుంది కుండీలోకి ఓ దుంప ఇవ్వమంటే మాత్రం అత్తయ్యే వద్దని చెప్పేశారు.