న్యూయార్క్ లెక్క, కాలిఫోర్నియా లెక్క

యాప్ డెలివరీ చేసేవాళ్లకు కనీసం ఇంత ముట్టాలని అమెరికాలో ఈ రెండు చోట్లా నియమం ఉంది. గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే తేడా.

కాలిఫోర్నియాలో 2020 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 22 అనే చట్టం ప్రకారం కనీస వేతనంలో 120 శాతం గ్యారంటీ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆర్డర్ ఒప్పుకున్నప్పటి నుంచి అప్పజెప్పే వరకే లెక్క. తర్వాతి ఆర్డర్ కోసం బండి మీద కూర్చున్న అరగంటకు ఒక్క సెంటు కూడా రాదు. సొంత వాహనానికి మైలుకింత అని మాత్రం అదనంగా ఇస్తారు.

న్యూయార్క్ నగరంలో 2023 డిసెంబరులో రేటు గంటకు 17.96 డాలర్లతో మొదలైంది, 2025 ఏప్రిల్ నుంచి 21.44 అయింది. ఇక్కడ ఎదురుచూపుకూ విలువ కట్టారు. నాకు నచ్చింది ఇదే. అయితే యాప్‌లు ఊరుకుంటాయా? ఆర్డర్లు తక్కువున్నప్పుడు లాగిన్‌కే అడ్డుకట్ట వేశాయి.

టిప్పులు రెండు చోట్లా ఈ కనీసానికి బయటే. కాకపోతే న్యూయార్క్‌లో 2023 డిసెంబరులో ఆ రేటు రాగానే పెద్ద యాప్‌లు టిప్ బటన్‌ను ఆర్డర్ పెట్టాక కనిపించేలా వెనక్కి జరిపేశాయి. కడుపు నిండాక మళ్లీ యాప్ తెరిచి టిప్ ఇచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు?