ప్లాస్టిక్ బియ్యం అన్నారు, ఎనిమిది నెలలు వండి చూశాను: రేషన్ ఫోర్టిఫైడ్ బియ్యంపై నా రివ్యూ

మా అత్తయ్యగారు చేట ముందేసుకుని కూర్చుంటే మట్టిబెడ్డ గానీ వడ్లగింజ గానీ ఆవిడ వేలు దాటిపోలేదు. గత ఏడాది దసరాకు ముందు ఒకరోజు రేషన్ బియ్యంలోంచి ఇంకేవో ఏరి స్టీలు గ్లాసులో వేస్తుంటే ఏమిటా అని దగ్గరికెళ్లి చూశాను. కాస్త పసుపు ఛాయ, మెరుపు లేదు, సుద్దముక్కల్లా ఉన్నాయి. అన్నీ ఒకే పొడవు. "ప్లాస్టిక్ బియ్యం కలిపేస్తున్నారే అమ్మాయ్. చూసుకోకుండా పిల్లకి పెట్టేస్తున్నావు" అన్నారు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో కూడా చూపించారు. అందులో ఎవరో అన్నం ముద్దచేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోంది.

అదే వారంలో మా పాపకు రక్తపరీక్ష చేయించాం. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ 8.9 ఉంది. మందులు తెచ్చుకున్నాం, తోటకూర, మునగాకు పెంచాం. కిటికీలో ఆ గ్లాసు మాత్రం రోజురోజుకీ నిండుతూనే ఉంది. పిల్ల కంచంలో పడాల్సినవాటినే మేం ఏరి పక్కన పెడుతున్నామని నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఆ నెలలో ఆ గింజలకు ఇంట్లో నేనే పరీక్షలు చేశాను. మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు పోసే చోట పనిచేస్తాడు. వాడిని అడిగితే గుప్పెడు ముడి ప్లాస్టిక్ గుళికలు తెచ్చిచ్చాడు. మూడు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో అనుమానం గింజలు, రెండోదాంట్లో మామూలు బియ్యం, మూడోదాంట్లో గుళికలు.

ముందు నీళ్లు పోశాను. అనుమానం గింజల్లో కొన్ని తేలాయి. అత్తయ్యగారు "చూశావా" అన్నారు. నాకూ గుండె ఝల్లుమంది. గంట తర్వాత చూస్తే చాలావరకు మునిగిపోయి ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే పిండిపిండి అయిపోయాయి. గుళికలు మాత్రం మర్నాడు పొద్దున కూడా పైనే తేలుతున్నాయి. పాలిథీన్ నీటికన్నా తేలిక, నానదు, మెత్తబడదు.

తర్వాత నిప్పు. గింజల్ని చెంచాలో వేసి స్టవ్ మీద పట్టుకుంటే రెండు రకాల బియ్యమూ మాడి బొగ్గయ్యాయి, పేలాలు మాడిన వాసన వచ్చింది. గుళికలు కరిగి చుక్కలుగా జారాయి, కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన కొట్టాయి. ఈ పరీక్ష మీరు చేయకండి, ఆ పొగ మంచిది కాదు. బియ్యం అంటుకుంటే అది ప్లాస్టిక్ అని వీడియోల్లో చెబుతారు. పిండిపదార్థం ఏదైనా కాలుతుంది. మాడిందా, కరిగి జారిందా అన్నదే చూడాలి.

మూడోది ఇంట్లో ఉన్న బెటడిన్, గాయాలకు రాసే అయోడిన్ మందు. అయోడిన్ తగిలితే పిండిపదార్థం నీలి నలుపుకి మారుతుంది. నానిన గింజలు రెండు రకాలూ నల్లబడ్డాయి. గుళికలకు గోధుమరంగు మరక అంటింది, కడిగితే పోయింది. ఇది పిల్లల చేత కూడా చేయించవచ్చు. మా పాప చేత చేయించాను.

ఎగిరే ముద్ద సంగతి కూడా చూశాను. షాపులో కొన్న సోనామసూరి అన్నం చల్లారాక గట్టిగా పిసికి ముద్దచేసి కొట్టాను. అదీ ఎగిరింది. అన్నంలో పిండి జిగురుగా పట్టుకుంటుంది, మధ్యలో గాలి చిక్కుకుంటుంది, అంతే. ఆ వీడియో తీసినవాళ్లు కిలో అరవై పెట్టి కొన్న బియ్యంతో ఒక్కసారి చేసి చూసినా సరిపోయేది.

ధర సంగతి మా తమ్ముడు చెప్పాడు. ముడి గుళికలు వాళ్ల యజమానికి కిలో వంద రూపాయలకు అటూ ఇటూగా పడతాయట. బియ్యంలో కల్తీ చేసేవాడు బియ్యం కన్నా చవకైనదాన్ని కలుపుతాడు గానీ ఖరీదైనదాన్ని ఎందుకు కలుపుతాడు? నూకలు కలుపుతాడు, పాత బియ్యానికి పాలిష్ పట్టి కొత్తవంటాడు, తూకంలో కొడతాడు. ఇవన్నీ మనం చూసినవే.

ఇంతకీ ఆ గింజలు ఏమిటంటే, బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆసిడ్, విటమిన్ బి12 కలిపి, ముద్దచేసి, మిషన్లోంచి సేమ్యాలా ఒత్తి, బియ్యం పొడవున కోసి ఆరబెట్టినవి. మామూలు బియ్యం కిలోకు పది గ్రాముల చొప్పున వీటిని కలుపుతారు. అలా పోషకాలు చేర్చినదే ఫోర్టిఫైడ్ బియ్యం. పిండితో చేసినవి కాబట్టే లోపల సన్నటి గాలి అరలుండి ముందు తేలతాయి, అచ్చులోంచి వచ్చినవి కాబట్టే అన్నీ ఒకే కొలత. నేను కిలో బియ్యం తీసుకుని గంటసేపు ఏరి, వంటింటి కాటా మీద పెడితే తొమ్మిది గ్రాములు దాటి చూపించింది. చెప్పిన లెక్కకు దగ్గరగానే ఉంది.

2021 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని ఈ బియ్యాన్ని 2024 నాటికి ప్రభుత్వ పథకాలన్నిటిలో ఇస్తామని ప్రకటించారు. అంటే ఇది దాచిన వ్యవహారం కాదు. కానీ మా దాకా ఆ మాట చేరలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. గోనెసంచి మీద ఫోర్టిఫైడ్ అని తెలిపే ప్లస్ ఎఫ్ (+F) గుర్తు ఉంటుంది. మనకు మాత్రం సంచి విప్పి కాటాలో పోసి ఇస్తారు, ఆ గుర్తు మన కంట పడేదెప్పుడు? 2021 నుంచి రేషన్ బండి వీధిలోకి వచ్చేది, 2025 జూన్ నుంచి మళ్లీ డిపోకే వెళ్తున్నాం. బండి దగ్గరా ఎవరూ చెప్పలేదు, మా డిపోలోనూ చెప్పలేదు. అత్తయ్యగారు డీలరును అడిగితే "పైనుంచి వచ్చిందే ఇస్తున్నాం" అని ఊరుకున్నారు. అరవై ఏళ్లు బియ్యం ఏరిన మనిషికి బియ్యంలో బియ్యం కానిది కనిపిస్తే అనుమానం రావడం ఆవిడ తప్పు కాదు. ఆవిడ కళ్లు సరిగానే చూశాయి. అవి నిజంగానే పొలంలో పండిన గింజలు కావు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ప్లాస్టిక్ అన్న మాట మా ఇంట్లోకి వచ్చేది కాదు.

ఈ ప్లాస్టిక్ కథ మనదగ్గర పుట్టింది కాదు. 2010లో చైనాలో మామూలు బియ్యానికి సువాసన పట్టించి, ఖరీదైన వూచాంగ్ బియ్యమని అమ్ముతున్నారని బయటపడింది. అది నిజమైన మోసం. ఆ తర్వాతే బంగాళదుంప, ప్లాస్టిక్ కలిపి చేసిన బియ్యం అంటూ వదంతులు దేశాలు దాటాయి. 2016 డిసెంబరులో నైజీరియాలోని లేగోస్‌లో కస్టమ్స్ వాళ్లు ప్లాస్టిక్ బియ్యమని సుమారు రెండున్నర టన్నులు పట్టుకున్నారు. ల్యాబులో చూస్తే ప్లాస్టిక్ లేదు గానీ పరిమితికి మించి సూక్ష్మక్రిములున్నాయి, తినడానికి పనికిరానివని తేలింది. 2017 జూన్‌లో ఇదే గొడవ హైదరాబాద్‌లో లేచింది. పౌరసరఫరాల శాఖ నమూనాలు తీసి పరీక్ష చేయించింది, బియ్యమేనని తేలింది. లేగోస్ సంగతి చదివాక నేను చాలాసేపు ఆలోచించాను. ప్లాస్టిక్ కోసం వెతికేవాళ్లకు అసలు చెడు కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

కుట్రలన్నీ కట్టుకథలే అని మాత్రం నేను అనను. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపారు. నీళ్లు కలిపిన పాలలో కూడా ప్రోటీన్ ఎక్కువ ఉన్నట్టు పరీక్షలో చూపించడానికి కలిపారు. సుమారు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఆ పాలపొడి అమ్మిన ప్రధాన కంపెనీ ముందే తెలిసినా దాచింది. మనదగ్గర రేషన్ బియ్యం పక్కదారి పట్టి ఓడలెక్కుతోందని ఏళ్లుగా జనం చెప్పుకునేవారు. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ పోర్టుకు వెళ్లిన తర్వాత స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులే తేల్చారు. ఈ రెండు చోట్లా లాభం ఎవరికో, ఎంతో లెక్క తెలుస్తుంది. సాక్ష్యం ల్యాబులోనో ఓడలోనో దొరికింది. ప్లాస్టిక్ బియ్యం కథలో లాభపడేవాడూ లేడు, ఇన్నేళ్లలో నిలబడిన ల్యాబు రిపోర్టూ లేదు.

ఇక సరుకు సంగతి. రుచిలో తేడా లేదు, నేను చెప్పకుండా రెండు రకాలూ వండిపెడితే మా ఆయన పోల్చుకోలేకపోయారు. ముతక బియ్యం కాబట్టి అరగంట నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి ఎసరు సరిపెడితే పొడిగానే వస్తుంది. కలిపిన గింజలు ముందు మెత్తబడి విడిపోతాయి, అన్నంలో వెతికినా దొరకవు. గంజి వార్చకండి. వార్చితే పోషకాల్లో కొంత గంజితోపాటే పోతుంది, వార్చక తప్పకపోతే ఆ గంజి ఉప్పేసుకుని తాగేయండి. ఇడ్లీకి, దోసెలకి చాలా బాగుంటుంది. చద్దన్నానికి ఇంకా బాగుంటుంది. పులిహోరకు మాత్రం నేను వాడను, కలిపేసరికి ముద్దవుతుంది. ఎనిమిది నెలల్లో రెండుసార్లు నూక ఎక్కువ వచ్చింది, వానల్లో ఒకసారి ముక్కవాసన వచ్చి పురుగు పట్టింది. ఆ నెల తిరిగి ఇస్తామంటే డిపోలో తీసుకోలేదు. అత్తయ్యగారికి వేలిముద్ర పడక ఈ-పోస్ మిషన్ దగ్గర ముప్పావుగంట నిలబడ్డారు. ఫిర్యాదులకు 1967 నంబరుంది, గుర్తుపెట్టుకోండి.

ఇనుము ఎంత అందుతుందన్నది కూడా లెక్కేశాను, మా పాప కోసం. నిబంధన ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. మనిషికి నెలకు అయిదు కిలోలంటే రోజుకు 165 గ్రాములు, అంటే సుమారు అయిదు నుంచి ఏడు మిల్లీగ్రాములు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాములుంటుంది. అందుకని ఈ బియ్యం మందుకు బదులు కాదు. దీనివల్ల రక్తహీనత ఎంత తగ్గుతుందన్నదానిపై శాస్త్రవేత్తల్లోనే ఒక్క మాట లేదు. తలసేమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు ఉన్నవాళ్లు తమ డాక్టరును అడిగి తినాలి. ఇవి అడగాల్సిన ప్రశ్నలు, గట్టిగానే అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటిచోట ఆ కొంచెం ఇనుమును ప్లాస్టిక్ అని చేటలోంచి పారబోయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మా వీధిలో ఇప్పటికీ నాలుగిళ్లలో పారబోస్తున్నారు.

బియ్యానికి అయిదులో నాలుగు ఇస్తాను. జనానికి చెప్పిన తీరుకు ఒకటి, అది కూడా సంచి మీద గుర్తు వేసినందుకు.

పాపకు మాత్రలతో మూడు నెలల్లో 11.2కి వచ్చింది. అది మాత్రల గొప్పే, బియ్యానిదని చెప్పను. అత్తయ్యగారు ప్లాస్టిక్ అనడం మానేశారు గానీ, "గింజంటే పొలంలో పండాలి" అన్న మాట మీద ఇంకా ఉన్నారు. పాప వాటా బియ్యం ఏరకుండా పక్కన పెడతారు, తన వాటాలోంచి ఏరినవి కూడా తెచ్చి అందులోనే కలుపుతారు. ఆవిడకీ రక్తం తక్కువే. వచ్చే నెల పరీక్షకు తీసుకెళ్తున్నాను.