ముఖం మీది చర్మ క్యాన్సర్‌కు మామూలు కోతా, మోస్ పద్ధతా: ఏది మేలు?

హన్మకొండలో పాథాలజీ పని చేసే నన్ను రోగుల బంధువులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. ముక్కు పక్కనో కంటి కొసనో నెలల తరబడి మానని పుండు, ముక్క పరీక్షలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. దానిని ఇక్కడే కోయించుకుంటే సరిపోతుందా, మోస్ శస్త్రచికిత్స దొరికే పెద్ద నగరానికి వెళ్లవలసిందేనా?

ఖర్చు, ప్రయాణం, మచ్చ వంటివన్నీ లెక్కలోకి వచ్చేవే అయినా, నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఒక్కటే: తీసిన ముక్క అంచును ఎవరు, ఎంత మేరకు, ఎప్పుడు చూస్తున్నారు అన్నది. మామూలు కోతలో పుండు చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తారు. 2 సెంటీమీటర్ల లోపు, హద్దులు స్పష్టంగా ఉన్న బేసల్ సెల్ క్యాన్సర్‌కు 4 మిల్లీమీటర్లు వదిలి కోస్తే నూటికి 95 మందిలో కంతి పూర్తిగా వచ్చేస్తుంది. ఆ ముక్క ఫార్మలిన్‌లో మాకు చేరుతుంది, మేము దానిని నిలువు ముక్కలుగా కోసి చూస్తాము. దోసకాయను చక్రాలుగా తరిగితే ప్రతి చక్రం చుట్టూ ఉన్న సన్నని తొక్క మాత్రమే కనిపిస్తుంది. మేము చూసే అంచు కూడా అంతే, మొత్తంలో ఒక శాతం కన్నా తక్కువ. విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ 1930లలో రూపొందించిన పద్ధతిలో అడుగు, పక్కలు కలిసిన అంచు మొత్తాన్ని పరిచి, గడ్డకట్టించి, అదే పూటలో మైక్రోస్కోపు కింద చూస్తారు. కంతి ఎక్కడ మిగిలిందో పటంలో గుర్తించి, అక్కడ మాత్రమే మళ్లీ కోస్తారు. మంచి చర్మం ఎక్కువగా మిగలడానికీ కారణం ఇదే.

ఈ తేడా ఫలితాలలో ఎంత మేరకు కనిపిస్తుందో నెదర్లాండ్స్‌లో ముఖం మీది బేసల్ సెల్ క్యాన్సర్లపై జరిగిన పోలిక చెబుతుంది. తొలిసారి వచ్చిన వాటిలో పదేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టినది మోస్‌లో 4.4 శాతం, మామూలు కోతలో 12.2 శాతం, అయితే ఈ వ్యత్యాసం గణాంక పరీక్షకు నిలవలేదు, అంటే కాకతాళీయం కావచ్చు. ఒకసారి చికిత్స అయ్యాక మళ్లీ వచ్చిన వాటిలో మాత్రం 3.9, 13.5 శాతాల తేడా గట్టిగా నిలిచింది. కాబట్టి చెంప మీదో నుదుటి మీదో తొలిసారి వచ్చిన చిన్న పుండుకు ఊరు దాటవలసిన అవసరం నాకు కనబడదు. తిరగబెట్టినదైతే, లేదా కనురెప్ప, ముక్కుపుట వంటి చోట హద్దు తెలియకుండా పాకినదైతే మోస్‌కే వెళ్లమంటాను.

ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉంది, నాకు మొగ్గు దాని మీదే. కోసిన రోజు గాయాన్ని కట్టు కింద ఉంచి, అంచు శుభ్రంగా ఉందన్న రిపోర్టు వచ్చాకే చర్మం అతికించడమో, పక్క చర్మాన్ని జరిపి మూయడమో చేయడం. రోగికి కొన్ని రోజుల ఇబ్బంది తప్పదు. కానీ అదే రోజు పక్క చర్మాన్ని తిప్పి మూసేస్తే, తరువాత అంచులో కంతి ఉందని మేము రాసినా, ఆ అంచు ముఖంలో ఇప్పుడు ఎక్కడ ఉందో శస్త్రవైద్యునికే తెలియని పరిస్థితి వస్తుంది. పన్నెండు గంటల దిక్కున ఒక దారం కుట్టు వేసి పంపితే మేము అంచులకు రంగులు పూసి దిక్కులవారీగా చెప్పగలం. ఆ దారం కూడా లేకుండా సీసాలో పడి వచ్చే ముక్కలు ఇప్పటికీ తక్కువేమీ కావు.

పాత కాలిన మచ్చలో, ఏళ్లుగా మానని కాలిపుండులో పుట్టే స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే మరో రకం చర్మ క్యాన్సర్ సంగతి వేరు. అది మొండిది, సాధారణంగా 2 సెంటీమీటర్ల మేర వెడల్పుగా, లోతుగా తీయాలి, కాలి మీదిదైతే గజ్జలోని లసిక గ్రంథులనూ పరీక్షించాలి. అరికాలి మెలనోమాలో (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్‌లో) ఎంత వెడల్పు అన్నది కంతి మందాన్ని బట్టి ఉంటుంది: మిల్లీమీటరు లోపైతే ఒక సెంటీమీటరు, రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు. ఈ రెండింటికీ మన దగ్గర వెడల్పు కోతే దారి.

గీకి కరెంటుతో కాల్చడం, ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం ఒంటి మీది చిన్న, పైపై కంతులకు పనికివస్తాయి. ఈ రెండింటిలో చూడడానికి అంచే ఉండదు కనుక ముఖం నడిమి భాగానికి నేను సూచించను.

ఖర్చు విషయానికి వస్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీకు చెప్పిన శస్త్రచికిత్స జాబితాలో ఉందో లేదో తేదీ ఖాయం కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో మరో చోటికో వెళ్లేవారు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని బయలుదేరవద్దు. ముక్క పరీక్ష చేసిన ల్యాబులో స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మెలు) అడిగి తీసుకోండి. అవి ఉంటే చాలాసార్లు అక్కడ కొత్తగా ముక్క తీయనక్కరలేదు.